మూడో వరసలో ఎవరు కూర్చుంటారు?



ఈనాటి నా ప్రసంగంలో ఒక బండిని గురించి మాట్లాడతాను. ఎడ్లబండి కాదు, ఏడుగురు కూర్చునే మోటారు బండి. మూడు వరసల సీట్లతో, ఎత్తుగా, గంభీరంగా ఉండి, ఎస్‌.యు.వి. అని అందరూ పిలుచుకునే కుటుంబ వాహనం. ఈ మధ్య మా కె.జి.ఎఫ్‌.లో నలుగురు చేరిన చోటల్లా ఈ మాటే. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టులో, బెంగుళూరికి పోయే ఉదయపు రైలులో, పెళ్ళి పందిట్లో కూడా, "కొత్తగా వచ్చిన ఆ ఏడు సీట్ల బండి ఎలా ఉందంటారు?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. నేను మెకానిక్కును కాను, బళ్ళో సైన్సు చెప్పే పంతులమ్మను. అయినా ఈ విషయం మాట్లాడడానికి నాకు ఒక అర్హత ఉంది. ఆ బండిలో మూడో వరసలో నేను కూర్చున్నాను. కొనేవాళ్ళలో చాలామంది అక్కడ కూర్చోరు.

ముందుగా, ఇంతమంది కూర్చునే బండి మీద మన కోలారు జిల్లావాళ్ళకు ఇంత మోజు ఎందుకో చూద్దాం. మనది సరిహద్దు సీమ. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, మా గోల్డ్ ఫీల్డ్స్‌లో అయితే బజారులో తమిళం. చుట్టరికాలకు సరిహద్దు గీత లేదు. అమ్మాయిని ముళబాగిలులో ఇస్తాం, కోడలిని పలమనేరు నుంచి తెచ్చుకుంటాం, మొక్కు తిరుపతిలో తీర్చుకుంటాం. దీనికి తోడు 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాయి. గని ఉన్నన్నాళ్ళు తాత, తండ్రి, మనవడు ఒకే లైనులో ఇరుగుపొరుగు ఇళ్ళలో ఉండేవారు. గని మూశాక ఒకడు బెంగుళూరికి, ఒకడు హోసూరుకు, ఒకడు నరసాపుర ఫ్యాక్టరీలకు చెదిరిపోయాడు. చెదిరిన సంసారం పండుగకో పబ్బానికో ఒకచోట చేరాలంటే ఒక పెద్ద బండి కావాలి. అందుకని ఈ కోరికను నేను తప్పు పట్టను. అందరం కలిసి పోవాలన్న ఆశ దాని వెనక ఉంది.

ఈ ఆశకు తగ్గ బండ్లు ఒక్కొక్కటిగా మన రోడ్ల మీదికి వచ్చాయి. మొదట జీపులు, ట్రాక్సులు. ఇంతమందే ఎక్కాలన్న లెక్క వాటికి ఉండేది కాదు. 1994లో టాటా సుమో వచ్చింది. ఆ పేరు జపాను మల్లయోధులది అనుకున్నాం గానీ, అది ఆ కంపెనీని నడిపిన సుమంత్ మూల్గాఁవ్‌కర్ పేరులోని అక్షరాలతో కట్టిన పేరు. 2000లో బెంగుళూరు పక్కన బిడదిలో తయారైన టొయోటా క్వాలిస్ వచ్చింది. 2005లో దాని స్థానంలో ఇన్నోవా వచ్చింది. మన వైపు అద్దెబండి అంటే నిన్నమొన్నటిదాకా ఈ రెండే. 2012లో మారుతీవారి ఎర్టిగా వచ్చాక మధ్యతరగతి ఇంటికి కూడా మూడు వరసలు అందుబాటులోకి వచ్చాయి.

ఆ తరువాత వరస కట్టాయి. 2021 ఒక్క సంవత్సరంలోనే టాటా సఫారీ మూడు వరసలతో తిరిగి వచ్చింది, హ్యుందాయ్ అల్కజార్ వచ్చింది, మహీంద్రావారి ఎక్స్‌యువి 700 వచ్చింది. 2022లో మన తెలుగు గడ్డ మీద, పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి కారెన్స్ వచ్చింది. ఆ ఏడాది చివర బిడదిలో తయారైన ఇన్నోవా హైక్రాస్, పెట్రోలుతోనూ విద్యుత్తుతోనూ నడిచే బండిగా వచ్చింది. 2025 నవంబరులో మహీంద్రావారు ఏడు సీట్లతో పూర్తిగా విద్యుత్తు మీద నడిచే ఎక్స్‌ఇవి 9ఎస్ అనే బండిని బెంగుళూరులోనే విడుదల చేశారు. కనుక ఎంచుకోవడానికి కొదవ లేదు. ఎంచుకోవడంలోనే ఉంది తిప్పలంతా. ఫలానా కంపెనీది కొనండి, ఫలానాది మానండి అని రేడియోలో చెప్పడం భావ్యం కాదు. ఏ బండికైనా వర్తించే మాటలు చెబుతాను.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా తమ్ముడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. ఏడు సీట్ల బండి కొనాలని వాడికి రెండేళ్ళుగా కోరిక. కొనేముందు ఒకసారి అందరం పోయి చూద్దామని, తెలిసినవారి దగ్గర అలాంటి బండి ఒకటి అడిగి తెచ్చాడు. తిరుపతి ప్రయాణం పెట్టుకున్నాం. తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలిద్దరు, నేను, మావారు, డెబ్బై రెండేళ్ళ మా అమ్మ. సరిగ్గా ఏడుగురం. తమ్ముడు స్టీరింగు పట్టాడు. మావారు పొడగరి, ముందు సీటు ఆయనది. నడి వరసలో నేను, మరదలు, చిన్నపిల్ల. మిగిలింది మూడో వరస. "అమ్మ సన్నగా ఉంటుంది, పిల్లవాడికి తోడుగా వెనక కూర్చుంటుందిలే" అన్నారు. అన్నది ఎవరో కాదు, నేనే.

ఆమె చేతి సంచి ఒళ్ళో పెట్టుకుని, నడి సీటును మడిచిన సందులోంచి వంగి వంగి లోపలికి పోయింది. వి.కోట దాటాం, పలమనేరు దాటాం. మొగిలి ఘాటు మలుపుల్లో పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. అమ్మ తన కొంగుతోనే తుడిచింది. మేము ముందు కూర్చుని పాటలు వింటున్నాం. కాణిపాకంలో ఆపి వెనక తలుపు తీసేసరికి ఆమె దిగలేకపోయింది. మోకాళ్ళు గడ్డానికి ఆనుకుని మూడు గంటలు కూర్చున్న మనిషి లేచి ఎలా నిలబడుతుంది? ఇద్దరం పట్టుకుని దింపాం. "ఏమీ లేదులే, కాళ్ళు కొంచెం పట్టేసినాయి, అంతే" అంది. తిరుగు ప్రయాణంలో ఆమెను ముందు కూర్చోబెట్టి నేను వెనక్కి పోయాను. ఆ సీటు సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

చాలా బండ్లలో మూడో వరస సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. కూర్చుంటే తొడలు సీటుకు ఆనవు, మోకాళ్ళు పైకి లేస్తాయి. విద్యుత్ బండ్లలో బ్యాటరీ నేల కింద పరుస్తారు గనుక నేల ఇంకొంచెం పైకి వస్తుంది, ఇది మరీ గమనించి చూసుకోవాలి. పైగా ఆ సీటు వెనక ఇరుసు మీదనో దాని దగ్గరనో ఉంటుంది. బస్సులో ఆఖరు సీటులో కూర్చున్నవాళ్ళు గుంతకొకసారి ఎగిరిపడడం మనకు తెలిసిందే కదా! ఇక్కడా అదే జరుగుతుంది. కిటికీ చిన్నది, ముందున్న సీటు ఎత్తు, రోడ్డు కనబడదు. కళ్ళు కదలిక లేదంటాయి, చెవిలోని సమతూక యంత్రం కదులుతున్నామంటుంది. ఈ రెంటి తగాదా వల్లనే కడుపులో తిప్పుతుంది. పిల్లవాడి వాంతికి పులిహోర కారణం కాదని అప్పుడు అర్థమైంది.

ఆ ప్రయాణం తరువాత నెల తిరక్కుండానే కురుడుమలె వినాయకుడి గుడికి పోదామనుకున్నాం. ఎప్పుడూ అందరికంటే ముందు చీర మార్చుకుని కూర్చునే మా అమ్మ, "మీరు పోయిరాండమ్మా, ఇంటికాడ ఎవరో ఒకరు ఉండాల గదా" అంది. ఎందుకో నాకు తెలుసు. అందరం కలిసి పోవడానికని వెతుకుతున్న బండి ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది.

ఆ మరుసటి వారం ఆరో తరగతి పిల్లలకు నేనొక పని ఇచ్చాను. మీ ఇంటివాళ్ళంతా ఒక పెద్ద బండిలో ఊరికి పోతున్నట్టు బొమ్మ వేయండి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో పేర్లు రాయండి అన్నాను. బండి ఉన్నవాళ్ళూ వేశారు, లేనివాళ్ళూ వేశారు. ముందు సీట్లో నాన్న, పక్కన మామో చిన్నాన్నో. నడిమధ్య అమ్మ, అత్త. ఆఖరున సంచులు, టిఫిను డబ్బాలు, వాటి మధ్య అవ్వ. దాదాపు ప్రతి బొమ్మలోనూ అవ్వ చోటు అదే. పిల్లలకు ఎవరూ నేర్పలేదు, చూసింది వేశారు. ఆ కాగితాలు దిద్దుతుంటే నాకు సిగ్గు వేసింది.

శ్రోతలారా! సౌకర్యం సంగతి అలా ఉంచి, ప్రాణం సంగతి చెప్పుకుందాం. మా తాత చాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినవాడు. పనివాళ్ళను లోపలికి దించే కేజి గురించి చెప్పేవాడు. ఎంత తొందర ఉన్నా సరే, గేటు పూర్తిగా వేస్తేనే గంట, గంట కొడితేనే కదలిక అనేవాడు. భూమిలో మూడు వేల మీటర్ల లోతుకు దిగిన ఊరు మనది. అంత కట్టుబాటు తెలిసిన ఊళ్ళో, ఈనాడు వెనక సీట్ల బెల్టులు కుషన్ల కిందికి తోసి పెడుతున్నాం. కూర్చుంటే గుచ్చుకుంటున్నాయట!

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఉన్నట్టుండి ఆగిపోతే, బెల్టు లేని మనిషి ఆ వేగంతోనే ముందుకు పోతాడు. లెక్క వేసి చూస్తే ఆ దెబ్బ 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీది నుంచి పడ్డట్టు. వెనక కూర్చుంటే ఏమీ కాదన్న నమ్మకం ఎంత తప్పో 2022 సెప్టెంబరు 4న దేశమంతా చూసింది. పేరుపొందిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో పోయారు. ఆయన వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపినా, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మరో వెయ్యి. జరిమానా సంగతి ఎలా ఉన్నా, పిల్లలు మనవాళ్ళు కదా!

నక్షత్రాల మాట కూడా చెప్పాలి. "ఐదు నక్షత్రాల బండి సార్" అని షోరూములో గొప్పగా చెబుతారు. మంచిదే. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష ఉంది. బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందునుంచి ఒక అడ్డుకు గుద్దిస్తారు, పక్కనుంచి గుద్దిస్తారు. లోపల మనిషి బొమ్మలు పెట్టి దెబ్బ ఎంత తగిలిందో కొలుస్తారు. కాని పెద్దల బొమ్మలు ముందు సీట్లలో, పసిపిల్లల బొమ్మలు వాటి వెనక వరసలో ఉంటాయి. వెనకనుంచి లారీ వచ్చి గుద్దితే ఏమవుతుందన్న పరీక్ష అందులో లేదు. కనుక ఐదు నక్షత్రాలు చూసి బండి గట్టిదని సంతోషించండి. మూడో వరసలో కూర్చున్నవారి గురించి మాత్రం విడిగా అడగండి. అక్కడ మూడు చోట్ల పట్టే బెల్టు ఉందా? తల వెనక దిండు పైకి జరుగుతుందా? పక్క గాలిసంచులు ఆ వరసదాకా వస్తాయా? దిండుకూ వెనక అద్దానికీ మధ్య ఎంత జాగా ఉంది? ఒక జానెడే ఉంటే ఆలోచించుకోవాలి.

ఈ ప్రశ్నలు ఇప్పుడు మరీ అవసరం. హోసకోట నుంచి మాలూరు, బంగారపేట, బేతమంగళం ప్రాంతాల మీదుగా వెళ్ళే చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారిలో కర్ణాటక భాగం సుమారు 71 కిలోమీటర్లు. 2024 చివరలో దాని మీద రాకపోకలు మొదలయ్యాయి. తిన్నని రోడ్డు, మెత్తని పయనం, వెనకవాళ్ళకు నిద్ర. నూరు కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క క్షణంలో 28 మీటర్లు దూకుతుంది. ఏడుగురు ఎక్కితే మనుషుల బరువే నాలుగున్నర క్వింటాళ్ళు దాటుతుంది. బ్రేకు పట్టే దూరం పెరుగుతుంది. నిండు బండికి టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి చీటీలో రాసి ఉంటుంది. ఎంతమంది చదువుతున్నాం? మూడో వరస లేపితే డిక్కీలో మూడు సంచులు కూడా పట్టవు. మిగతా సామాను బండి నెత్తికి ఎక్కుతుంది. నెత్తిబరువుతో మలుపు తిరిగితే బండి ఒరుగుతుంది. తలమీద గడ్డిమోపు పెట్టుకుని పరుగెత్తేవాడిని ఊహించుకుంటే చాలు.

ఇక డబ్బు లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద బండ్ల మీద జి.ఎస్‌.టి. 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉండేది. విద్యుత్ బండ్లకు 5 శాతమే. దాని మీద మన రాష్ట్రపు జీవితకాల పన్ను. పెట్రోలు, డీజిలు బండ్లకు పది లక్షల నుంచి ఇరవై లక్షల ధర వరకు 17 శాతం, ఆపైన 18 శాతం, సెస్సు వేరే. అంటే 18 లక్షల బండికి పన్నే మూడు లక్షలు దాటుతుంది. అందుకని మనవాళ్ళు కొందరు, "అవతల కుప్పంలో మా బావ ఉన్నాడు, వాడి పేర రిజిస్టరు చేయించి ఇక్కడ తిప్పుకుంటాం" అంటారు. ఒక రాష్ట్రపు బండి మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే అక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించాలి, పన్ను కట్టాలి. కె.ఎ. 08 నంబరుతో తిరగవలసిన బండి పరాయి నంబరుతో ఏళ్ళ తరబడి తిరిగితే ఏదో ఒకనాడు చెక్‌పోస్టు దగ్గర దొరకడం ఖాయం. మిగిలిందనుకున్న పన్ను జరిమానాతో కలిసి వస్తుంది. బావతో మాట కూడా చెడుతుంది.

కంతుల సంగతీ చూడండి. 15 లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 24,100 రూపాయలు కట్టాలి. ఏడేళ్ళు తిరిగేసరికి వడ్డీయే ఐదు లక్షలకు పైన. అప్పు చేసి పప్పు కూడు అన్నారు పెద్దలు. ఇక్కడ అప్పు ఏడేళ్ళు, పప్పు కూడు ఏడాదికి నాలుగు రోజులు. ఎందుకంటే చాలా ఇళ్ళలో ఏడుగురూ కలిసి పోయేది సంక్రాంతికో, ఉగాదికో, ఒక పెళ్ళికో, ఒక మొక్కుకో. మిగతా రోజులు అంత పెద్ద బండిలో ఒక్క మనిషి ఆఫీసుకు పోయి వస్తాడు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇంట్లో నిత్యం ఆరుగురు, ఏడుగురు కలిసి తిరిగే అవసరం ఉంటే మూడు వరసల బండి కొనండి. అయితే చూపుకు ఎత్తుగా, రోషంగా ఉన్నదానికంటే, కాస్త పొట్టిగా పొడవుగా ఉండి, ఎక్కడానికి సులువుగా, వెనక కాళ్ళకు జాగా ఉన్నదాన్ని చూసుకోండి. ఏడాదికి నాలుగుసార్లే అవసరమైతే మంచి ఐదు సీట్ల బండి కొనుక్కుని, ఆ నాలుగుసార్లకు పసుపు బోర్డు ఉన్న అద్దెబండి మాట్లాడుకోండి. తెల్లబోర్డు బండిని అద్దెకు తీసుకోవద్దు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది. మా ఇంటి అనుభవంతో మరొక్క మాట. షోరూముకు ఇంటిల్లిపాదీ వెళ్ళండి. డబ్బు పెట్టేవాడు ముందు మూడో వరసలో కూర్చోవాలి. ఊరు దాటేదాకా అక్కడే ఉండాలి. ఆ తరువాతే స్టీరింగు పట్టుకోవాలి.

మా తమ్ముడితో నేను అదే చేయించాను. "నేను నడిపి చూడాలి గానీ వెనక ఎందుకక్కా?" అన్నాడు. "అమ్మ కూర్చున్న చోట ఒక అరగంట కూర్చో నాయనా, తరువాత నీ ఇష్టం" అన్నాను. షోరూము అబ్బాయి నడిపాడు. బయలుదేరేటప్పుడు వెనకనుంచి లీటరు లెక్కలు, గుర్రపు శక్తి లెక్కలు వినిపించాయి. కొంతదూరం పోయాక మాట ఆగిపోయింది. దిగేటప్పుడు నడి సీటు పట్టుకుని, వంగి, ఒక కాలు బయట పెట్టి, రెండో కాలు ఎలా తీయాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయాడు. తరువాత నావైపు చూడకుండా, "కాణిపాకం దాకా అమ్మ ఇట్లే వచ్చిందా?" అని మాత్రం అడిగాడు.

వాడు ఇంకా బండి కొనలేదు. మూడు చోట్ల చూశాడు, ఇంకో రెండు చూస్తాడట. చూసిన ప్రతిచోటా అమ్మను తీసుకుపోతున్నాడు. ఆమె చేత్తో తలుపు పట్టుకుని, మెట్టు ఎత్తు చూసి, "ఇది వద్దు నాయనా" అంటే ఆ బండి వద్దు. కంపెనీల నక్షత్రాల పక్కన మా ఇంట్లో ఇప్పుడు ఇదొక పరీక్ష. పోయిన ఆదివారం ఒక బండిలో నడి వరసలో కూర్చుని, బెల్టు తనే లాక్కుని పెట్టుకుని, కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసింది. "కురుడుమలెకు ఎప్పుడు పోదాం?" అని అడిగింది.

మీ ఇంటికి కొత్త బండి వచ్చే రోజున కొబ్బరికాయ కొట్టండి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టండి, మన ఆచారం మనది. బండి కదిలే ముందు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఆ మూడో వరసలో ఎవరున్నారు, వాళ్ళ మోకాళ్ళు ఎక్కడున్నాయి, బెల్టు పెట్టుకున్నారా లేదా అని. చూసుకున్న తరువాతే గంట కొట్టండి.